సూది పట్టిందా?

యార్డు క్వార్టర్లు, మూడో అంతస్తు
ఫిబ్రవరి

వదినకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏంటి అనుకుంటావు. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకర్ పెడతాడు. నీతో ఒక ముక్క మాట్లాడేలోపు తను నాలుగు సలహాలు ఇస్తాడు. ఆ నాలుగూ ఉద్యోగం మానెయ్యమనే. అందుకే నీ సెలూన్ అడ్రసుకి రాస్తున్నాను. నువ్వు కూడా అక్కడి నుంచే రాయి, ఇంటి నుంచి వద్దు.

విషయం నా నడుము. నేను నడిపే క్రేను ఈ ఓడల యార్డులో అన్నిటికంటే పాతది. కొత్తవాటిలో అన్నీ చేతి కిందే ఉంటాయి. నా దాంట్లో చేతులకి రెండు లివర్లు, ఎడమ కాలికి ఒక పెడలు. తిరుగుతున్న క్రేనుని ఆపేది ఆ పెడలే. కేబిన్ అడుగున అద్దం ఉంటుంది. ఇనప పలక కింద లేచిన దగ్గర్నుంచి ఓడ మీద దిగేదాకా ముందుకు వంగి, మోకాళ్ల మధ్య నుంచి కిందికి చూస్తూనే ఉండాలి. ఏళ్ల తరబడి రోజంతా అదే వంగుడు. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే ముందు రెండు చేతులూ ఆనించి, తర్వాత మనసు గట్టి చేసుకుని లేస్తున్నాను. నడుములో మొదలైన మంట ఎడమ కాలి పిక్క దాకా దిగుతోంది. దగ్గితే చెప్పక్కర్లేదు.

ఏప్రిల్ చివర ఎక్కుడు పరీక్ష ఉంది. ఏటా ఉండేదే. సేఫ్టీ ఆఫీసరు కింద నిలబడి చూస్తుంటే నిచ్చెన ఎక్కి కేబిన్‌కి చేరాలి, మళ్లీ దిగాలి. మధ్యలో ఆగకూడదు. ఆగితే కేబిన్ పోయినట్టే. స్టోర్సులో కూర్చోబెడతారు. స్టోర్సులో కూర్చున్నవాళ్లెవరూ మళ్లీ పైకి ఎక్కగా నేను చూడలేదు. క్రేన్ల వరుసలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. నేను దిగిపోతే 'మేం ముందే అన్నాం' అనడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఎంతమందో నీకు తెలుసు.

నీకు నడుము పట్టేసినప్పుడు సూదులు పొడిపించుకున్నావు కదా. నేను చూడటానికి వచ్చి ముళ్లపందిలా ఉన్నావని నవ్వాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిజంగా తగ్గిందా? లేక నెల రోజులు అన్నయ్య చేత గిన్నెలు తోమించి, ఆయన తోమింది చూడలేక తగ్గిందన్నావా? నిజం రాయి.

నీ పిట్ట


సెలూన్, వెనక గది
ఫిబ్రవరి

పిట్టా,

ముళ్లపంది అన్న సంగతి నేను మర్చిపోయాను. నువ్వే గుర్తు చేశావు కాబట్టి మళ్లీ గుర్తు పెట్టుకుంటాను. ఎంతో ఎత్తున కూర్చుంటావని మీ అన్న నీకు పిట్ట అని పేరు పెట్టాడు. పిట్టలకి నడుము నొప్పి వస్తుందని ఇప్పుడే వింటున్నాను.

తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. అంతకుముందు మధ్యాహ్నానికే కత్తెర పక్కన పడేసి నేల మీద వెల్లకిలా పడుకునేదాన్ని. కస్టమర్లు నన్ను దాటుకుని వెళ్లి అద్దం ముందు కూర్చునేవాళ్లు. ఇప్పుడు సాయంత్రం దాకా నిలబడగలుగుతున్నాను. ఎందుకు తగ్గిందంటే చెప్పలేను. సూదులకే తగ్గిందో, వారానికి రెండుసార్లు ఎవరూ పలకరించకుండా పడుకోనిచ్చినందుకు తగ్గిందో.

భయపడకు. ఇంజెక్షన్ సూదిలా ఉండదు, వెంట్రుక కంటే కాస్త లావు. గుచ్చినప్పుడు చీమ కుట్టినంత. గుచ్చాక వేళ్లతో మెల్లగా తిప్పుతారు. అప్పుడు లోపల బరువుగా, లాగినట్టుగా ఒకటి వస్తుంది. అది నొప్పి కాదు, చెప్తే అర్థం కాదు. అది వస్తే సూది పట్టినట్టు. మా సూదులాయన ప్రతి సూదికీ 'పట్టిందా?' అని అడిగేవాడు. ఇక్కడే నీకొక కిటుకు చెప్తాను. అడగ్గానే 'ఆ' అనెయ్యి. లేదన్నావంటే అది వచ్చేదాకా తిప్పుతూనే ఉంటారు, ప్రాణం విసిగిపోతుంది. నేను సగం సూదులకి ఊరికే 'ఆ' అన్నాను. ఆయన సంతోషించాడు, నాకూ తగ్గింది.

ముందు స్కాన్ తీయించుకో. మా సూదులాయన స్కాన్ చూడందే సూది పెట్టె తెరవలేదు.

మీ అన్నకి చెప్పలేదు. ఆయన మాటలే సూదులు, వాటికి స్కాన్ కూడా అడగడు.

వదిన


యార్డు క్వార్టర్లు
మార్చి

వదినా,

నాకూ ఒక సూదులాయన దొరికాడు. కళ్లజోళ్ల దుకాణం పైన రెండు గదులు. ముందు గదిలో బల్ల, నాలుగు కుర్చీలు, నిలిచిపోయిన గోడ గడియారం. లోపలి గదిలో ఎత్తు మంచం. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాటలు తక్కువ, వేళ్లు చల్లన. ముందు నాలుక చాపమన్నాడు. నడుముకి నాలుకెందుకని అడిగితే, 'చూశాను, లోపల పెట్టుకోండి' అన్నాడు.

కుడి పక్కకి ఒత్తిగిలి గోడ వైపు తిరిగి పడుకోవాలి. ఎడమ కాలు పైకి ఉంటుంది. నడుములో, తుంటి దగ్గర, మోకాలి కింద బయటి వైపు, పాదం పైన, అన్నిచోట్లా సూదులే. ఆయన వెనక ఏం చేస్తున్నాడో నాకు కనిపించదు. గోడ మీద పెచ్చు ఊడిన చోటు ఒకటే కనిపిస్తుంది. నువ్వు రాసినట్టే ప్రతిదానికీ 'పట్టిందా?' అంటాడు. నడుము దగ్గర నిజంగానే పట్టింది. ఎవరో లోపల గుప్పిట బిగించినట్టు. తక్కిన వాటికి నీ కిటుకు వాడాను. బాగా పనిచేసింది. 'మీకు త్వరగా పడుతుంది, మంచి లక్షణం' అన్నాడు. పరీక్షలో ఫస్టు వచ్చినట్టు అనిపించింది.

స్కాన్ అడిగాడు. తెస్తానన్నాను. స్కాన్ తీస్తే యార్డు ఆసుపత్రిలోనే తీయాలి. అక్కడ తీసింది నాకంటే ముందు ఫోర్‌మన్ చూస్తాడు. బయట తీయించుకోవాలంటే సెలవు పెట్టాలి, సెలవు ఎందుకంటే మళ్లీ అదే చెప్పాలి. పరీక్ష అయ్యాక చూద్దాం.

ఎలా పొక్కిందో తెలీదు, యార్డులో అందరికీ తెలిసిపోయింది. పక్క క్రేను నడిపే ఆయన టీ దగ్గర నన్ను ఆపి, 'ఏంటమ్మా, నిన్ను కుట్టు మిషన్ కింద పెట్టారంట?' అన్నాడు. 'నోళ్లు కూడా కుడతాడంట, అడ్రస్ ఇమ్మంటావా?' అన్నాను. ఆయన టీ ఆయన మీదే పోసుకున్నాడు.

ఇంకో మాట. ఈ ఉదయం లేచి దగ్గి చూశాను. ఏమీ లేదు. మళ్లీ దగ్గాను. పిక్కలో మంట లేదు.

పిట్ట


సెలూన్
మార్చి

పిట్టా,

నీ ఉత్తరం చదివి నవ్వితే కత్తెర జారింది. ఒక పెళ్లికూతురి చెవి దగ్గర అనుకున్న దానికంటే పొట్టిగా తెగింది. ఇదే కొత్త ఫ్యాషన్ అని చెప్పి పంపించాను.

తగ్గినందుకు సంతోషం. ఇంత త్వరగా తగ్గడం నాకు కొత్త. నాకు రెండు నెలలు పట్టింది. నువ్వు నాకంటే చిన్నదానివి, కావచ్చు.

స్కాన్ సంగతి నువ్వు రాసిన పద్ధతి నాకు నచ్చలేదు. ఒక్క రోజు సెలవు పెట్టి బయట తీయించుకో. కారణం అడిగితే వదినకి ఒంట్లో బాగాలేదని చెప్పు. నన్ను ఎన్ని రోగాలకైనా వాడుకో.

వదిన


యార్డు క్వార్టర్లు
ఏప్రిల్ చివర

వదినా,

పాసయ్యాను. ఎక్కడా ఆగకుండా ఎక్కాను, ఆగకుండా దిగాను. నడుము కిక్కురుమనలేదు. సేఫ్టీ ఆఫీసరు ఒక్కటే అన్నాడు: 'ప్రతి మెట్టూ చూసుకుంటూ ఎక్కావేంటి, కొత్తగా చేరినవాళ్లలా?' జాగ్రత్త సార్ అన్నాను. మెచ్చుకున్నాడు. కేబిన్ ఇంకో ఏడాది నాది. సూదులాయనకి స్వీట్ల డబ్బా ఇచ్చాను. తీసుకుని, స్కాన్ తెచ్చారా అని అడిగాడు. ఆయనతో ఇదే గొడవ.

అన్నయ్యకి ఇప్పుడు చెప్పొచ్చు. నడుము నొప్పి వచ్చింది, పోయింది, పరీక్ష పాసైంది అని ఒకే గుక్కలో చెప్పు. మధ్యలో ఊపిరి తీసుకుంటే దూరిపోతాడు.

తక్కినవన్నీ మామూలే. మొన్న బస్సు దిగి గేటు దాకా నడిచాక చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. బస్సు ఆగిన చోటే పడి ఉంది. వెనక్కి వెళ్లి తెచ్చుకున్నాను. గేటు కాపలావాడు ఇప్పటికీ నన్ను చూస్తే, 'మేడమ్, రెండూ ఉన్నాయా?' అంటాడు.

సోమవారం గాలికి పలక ఒకటి ఆగాల్సిన చోట ఆగకుండా కాస్త ఎక్కువ తిరిగింది. బాబాయ్ పక్కకి దూకాడు. కింద నిలబడి వాకీటాకీలో నాకు దారి చెప్పే సిగ్నల్‌మన్ ఆయన, యార్డు మొత్తానికి బాబాయే. మోచెయ్యి గీసుకుంది, అంతే. ఫోర్‌మన్ వచ్చేలోపే 'గాలి సార్' అని తనే చెప్పాడు. అక్కడితో అయిపోయింది.

పిట్ట


సెలూన్
మే

పిట్టా,

పాసైనందుకు మీ అన్న వీధిలో అందరికీ చెప్పుకుంటున్నాడు. నాకు మాత్రం నీ ఉత్తరం కుదురుగా లేదు. రెండుసార్లు చదివాను. మూడు సంగతులు అడుగుతాను, మూడింటికీ జవాబు రాయి.

చెప్పు ఊడిపోతే కాలికి తెలుస్తుంది. నీ కాలికి ఎందుకు తెలియలేదు?

ఇన్నేళ్లుగా కళ్లు మూసుకుని ఎక్కే నిచ్చెనని ఇప్పుడు చూసుకుంటూ ఎందుకు ఎక్కావు?

గాలి ఎక్కువైతే క్రేన్లు ఆపేస్తారని నువ్వే నాకు చెప్పావు. సోమవారం ఆపారా?

నా కుర్చీలో కూర్చునే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. నరాల డాక్టరు. పేరు చెప్పకుండా చెప్పు సంగతి ఆవిడకి చెప్పాను. తలకి రంగు పెట్టించుకుంటున్నది కాస్తా ఆగమని నా చెయ్యి పట్టుకుంది. 'ఆవిడ మడమల మీద నడవగలదా?' అని అడిగింది. ఎవరూ లేనప్పుడు కాలివేళ్లు పైకెత్తి, మడమల మీద గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూడు. చూసి రాయి.

వదిన


యార్డు క్వార్టర్లు
మే

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మీ సెలూన్లో కత్తిరింపులతోపాటు విచారణలు కూడా జరుగుతున్నాయని తెలిసి సంతోషించాను. నా చెప్పుల గురించి, నేను మెట్లెక్కే తీరు గురించి, మా ఊరి గాలి గురించి మీరు చూపుతున్న శ్రద్ధకి కృతజ్ఞురాలిని. సూదులు పొడిపించుకోమన్నది మీరే. పొడిపించుకున్నాను. నొప్పి పోయింది. పోయిన నొప్పిని వెనక్కి పిలిచే ఉద్దేశం నాకు లేదు. దయచేసి నా కాళ్లు లెక్కపెట్టడం మాని, తలలు చూసుకోండి.

ఇట్లు
మీ ఆడపడుచు


సెలూన్
మే

పిట్టా,

'మీరు' అన్నావు కాబట్టి పొడుగ్గా రాయను. మడమల మీద నడిచావా, లేదా?

వదిన


యార్డు క్వార్టర్లు
మే చివర

వదినా,

నడిచాను. నీకు ఆ వెటకారం ఉత్తరం పోస్టు చేసి వచ్చిన రోజే నడిచాను. కుడి పాదం లేచింది. ఎడమది లేవలేదు. అద్దం ముందు నిలబడి మళ్లీ ప్రయత్నించాను. వేళ్లు నా మాట వినలేదు. పాదం వేలాడుతోంది.

అయినా ఎవరికీ చెప్పలేదు. సూదులాయన దగ్గరికి నా వంతు రోజునే మామూలుగా వెళ్లాను. రెండు సూదులు ఎక్కువ గుచ్చితే అదే లేస్తుందేమోనని ఆశ. ఎప్పటిలాగే గోడ వైపు తిరిగి పడుకున్నాను. నడుము అయింది, తుంటి అయింది. ఆయన పాదం దగ్గరికి వెళ్లిన చప్పుడు విన్నాను. అప్పుడు జరిగింది ఇది:

'పట్టిందా?'

'ఆ, పట్టింది.'

సూదిని పెట్టెలో పెట్టేసిన చప్పుడైంది.

'ఇంకా గుచ్చలేదమ్మా.'

నేను గోడనే చూస్తున్నాను. ఆయన నడుములో సూదులు ఒక్కొక్కటే తీసేశాడు. ఇటు తిరగమన్నాడు. తిరిగాను.

'ఎన్నాళ్ల నుంచి?'

'ఏంటండి?'

'నేను అడగడం, మీరు ఆ అనడం.'

'మొదటి రోజు నుంచి.'

కళ్లు మూసుకోమన్నాడు. పాదానికి దూది తగిలిస్తానని, తగిలినప్పుడు చెప్పమన్నాడు. మూసుకుని ఎదురు చూశాను. ఎంతకీ ఏమీ కాకపోతే, 'మొదలుపెట్టండి' అన్నాను. 'అయిపోయింది' అన్నాడు.

కోప్పడతాడేమోనని చూశాను. కోప్పడలేదు. బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. తర్వాత అన్నాడు: 'నొప్పి నా సూదులకే తగ్గి ఉండొచ్చు. నరం మొద్దుబారి తగ్గి ఉండొచ్చు. ఏదో నాకు తెలీదు. పట్టలేదని మీరు ఒక్కసారి చెప్పి ఉంటే తెలిసేది. స్కాన్ తెస్తానంటే నమ్మి సూది పట్టుకున్నాను చూడండి, అది నేను చేసిన పని.' ఇకమీదట నన్ను ముట్టుకోనన్నాడు. పెద్దాసుపత్రిలో నరాల విభాగానికి అక్కడి నుంచే ఫోన్ చేశాడు. ముందు గదిలో ఇద్దరు పేషెంట్లు చూస్తుండగానే నాతో మెట్లు దిగి, టాక్సీ ఎక్కించి, డ్రైవర్‌తో 'వేరే ఎక్కడికి వెళ్లమన్నా వెళ్లకు' అన్నాడు. నా సంగతి నీకంటే బాగా పట్టేశాడు.

స్కాన్ తీశారు. నడుములో రెండు ఎముకల మధ్య ఉండే మెత్తటి బిళ్ల పక్కకి ఉబ్బి నరాన్ని నొక్కుతోందట. కోసి నొక్కుడు తీసేస్తామన్నారు. ఇప్పటికే ఆలస్యమైందట, పాదం మళ్లీ లేస్తుందో లేదో మాట ఇవ్వలేమన్నారు. ఆపరేషన్ వచ్చే గురువారం. ఈ వారం రోజులు ఇంట్లో ఉండొచ్చన్నారు కానీ, ఒంటికి గానీ రెంటికి గానీ తేడా వస్తే ఆ క్షణమే రమ్మన్నారు. ఇలాంటివి మామూలు గొంతుతో ఎలా చెప్తారో.

ఇక ఏప్రిల్లో ఆ సోమవారం నాటి గాలి. గాలి లేదు. షెడ్డు మీద జెండా గుడ్డ వేలాడుతూనే ఉంది, నాకు పైనుంచి కనిపిస్తోంది. పలక ఆపాల్సిన చోటు వచ్చింది. పెడలు తొక్కాను. ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. ఆగలేదు. అప్పుడు తల దించి చూసుకున్నాను. నా కాలు పెడలు మీద లేదు వదినా. పక్కన నేల మీద ఉంది. నేలని నా బలం కొద్దీ తొక్కుతున్నాను. చేత్తో కాలు ఎత్తి పెడలు మీద పెట్టేసరికి బాబాయ్ నిలబడిన చోటు మీదుగా పలక వెళ్లిపోయింది. ఆయన అప్పటికి లేడక్కడ. అంతే తేడా.

ఆ తర్వాత కూడా నేను పనికి వెళ్లాను. కాలు పెడలు మీదే పెట్టి, కదపకుండా, ఘడియకోసారి చూసుకుంటూ నడిపాను.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. యార్డుకి నడుము ఆపరేషన్ అని మాత్రం చెప్తే మెడికల్ సెలవు ఇస్తారు, కేబిన్ నా పేరు మీదే ఉంచుతారు. పెడలు సంగతి ఎవరికీ తెలీదు. బాబాయ్ గాలి అనేశాడు. అలాగే ఉంచెయ్యనా?

పిట్ట


సెలూన్
మే చివర

పిట్టా,

ఆ కిటుకు చెప్పింది నేను. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రతి ఉత్తరంలో ఇద్దరం దాన్నే తిరగేసుకుంటూ కూర్చోవద్దు.

మీ అన్నకి మొత్తం చెప్పాను. సలహా ఇవ్వలేదు. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. లేచి వెళ్లి నీ గదిలో ఫ్యాను తుడిచాడు. ఆపరేషన్ అయ్యాక నువ్వు ఇక్కడికే వస్తున్నావని ఆయన లెక్క. గురువారం పొద్దున్నకి ఇద్దరం అక్కడ ఉంటాం. సెలూన్‌కి తాళం. నరాల డాక్టరమ్మ తల సగం రంగుతో ఉంది, తర్వాత చూసుకుందాం పో అంది.

నువ్వు అడిగిన దానికి నేను జవాబు చెప్పను. ఒకటి మాత్రం చెప్తాను. నీ ఉత్తరంలో బాబాయ్ గురించి రాసిన చోట అక్షరాలు మిగతా చోట్లకంటే చిన్నవిగా ఉన్నాయి.

ఈసారి నా దగ్గర కిటుకులేమీ లేవు.

వదిన


ఆసుపత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం
జూన్

వదినా,

నువ్వూ అన్నయ్యా బస్సెక్కి ఇంకా ఊరు చేరి ఉండరు. ఎదురుగా కూర్చున్నన్నాళ్లూ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. అన్నయ్య మంచం పక్క నుంచి కదిలితే కదా. అందుకే రాస్తున్నాను.

ఆపరేషన్‌కి ముందు రోజు యార్డుకి వెళ్లాను. ఫోర్‌మన్ రేకుల గదిలో ఉన్నాడు. నేను ఎక్కడా వెనక్కి తగ్గకుండా చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా వెళ్లాక అవేవీ రాలేదు. 'సార్, ఆ పలక గాలికి తిరగలేదు. నాకు ఎడమ కాలు తెలియడం లేదు. పెడలు అందలేదు' అన్నాను.

ఆయన నన్ను చూడలేదు, తలుపు వైపు చూశాడు. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

'అమ్మా, నువ్వు రేపు నడుముకి ఆపరేషన్ చేయించుకుంటున్నావు. అది నాకు తెలుసు. ఇంకేమీ నాకు తెలీదు. అర్థమైందా?'

'అర్థమైంది సార్. అందుకే చెప్తున్నా.'

బాబాయ్‌ని పిలిపించాడు. బాబాయ్ వచ్చి, నా మొహం చూసి, ఎవరూ అడగకుండానే 'గాలే సార్' అన్నాడు.

'గాలి కాదు బాబాయ్.'

'నువ్వు పైనున్నావు, నీకేం తెలుసు? గాలి కింద వచ్చింది.'

'కిందే వచ్చే గాలి ఎక్కడుంటుంది బాబాయ్?'

'నేను నిలబడిన చోట ఉంటుంది.'

ఫోర్‌మన్ రెండు చేతులూ ఎత్తేసి, 'ముందు ఇద్దరూ ఒక మాట మీదకి రండి, తర్వాత నాకు చెప్పండి' అని బయటికి వెళ్లిపోయాడు. మేమిద్దరమే మిగిలాం. బాబాయ్‌కి అప్పుడు కోపం వచ్చింది. ఇన్నేళ్లలో నా మీద గొంతు పెంచడం నేను ఎరగను.

'ఆ కేబిన్ కోసం నువ్వు ఎన్ని మాటలు పడ్డావో నేను విన్నా. కింద నిలబడేది నేను. నాకు లేని బాధ నీకెందుకమ్మా?'

'నువ్వు సెలవు పెడితే ఇంకొకరు నిలబడతారు. వాళ్లకి దూకడం వస్తుందో రాదో.'

'కాలు బాగైపోతుంది.'

'బాగవ్వకపోతే? కేబిన్ ఖాళీగా ఉంటుంది. మళ్లీ ఎక్కుతాను, బాబాయ్. నా సంగతి నాకు తెలుసు. చూసుకుంటూ ఎక్కుతాను, మళ్లీ పాసవుతాను.'

ఆయన మోచెయ్యి మీద గీత మాని మచ్చ కట్టింది. దాన్ని గోటితో గీకుతూ కూర్చున్నాడు. తర్వాత తనే లేచి తలుపు తీసి, ఫోర్‌మన్‌ని పిలిచి, 'గాలి కాదు సార్' అన్నాడు.

కేబిన్ తాళం చెవి అక్కడే ఇచ్చేశాను. ఇప్పుడు దాంట్లో పక్క క్రేను ఆయన తమ్ముడు కూర్చుంటున్నాడట. స్టోర్సులో నాకు కుర్చీ వేశారని బాబాయ్ నిన్న వచ్చి చెప్పాడు. ఆ కుర్చీ ఎత్తు బాగుందో లేదో తను కూర్చుని చూశాడట. తమ్ముడు ఎలా నడుపుతున్నాడని అడిగాను. 'వాడికి రెండు కాళ్లూ తెలుస్తున్నాయి, తల ఒక్కటే తెలియట్లేదు' అన్నాడు. ఆ మాట నా కోసం అన్నాడో, నిజమో అడగలేదు.

సూదులాయన కూడా ఒకసారి వచ్చి వెళ్లాడు. నిలబడే మాట్లాడాడు. ఇప్పుడు కొత్తగా వచ్చే ప్రతి పేషెంటునీ ఒక సూది గుచ్చకుండానే 'పట్టిందా?' అని అడుగుతున్నాడట. ఎంతమంది 'ఆ' అంటున్నారని అడిగాను. కుట్లు మానాక, డాక్టర్లు ఒప్పుకుంటే నడుము మట్టుకే చూస్తానన్నాడు.

డాక్టర్లు రోజూ పాదం ఎత్తమంటారు. ఎత్తుతున్నాననే అనుకుంటాను, వాళ్ల మొహాలు చూస్తే లేవలేదని తెలుస్తుంది. ఇవాళ బొటనవేలు కాస్త కదిలిందన్నారు. నాకు కనిపించలేదు. పెద్ద డాక్టరు మాత్రం ఏడాది దాకా నిచ్చెన మాట ఎత్తొద్దన్నాడు. ఏడాది తర్వాత అని అడిగితే, పక్క మంచం పేషెంటు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఈ ఉదయం పాదం పైన మంట మొదలైంది. మొదట నిప్పురవ్వ పడిందేమోనని దుప్పటి తీసి చూశాను. ఏమీ లేదు. నరం మేలుకునేటప్పుడు అలా ఉండొచ్చని, ఉండకపోవచ్చని, ఇప్పుడే చెప్పలేమని చిన్న డాక్టరు అన్నాడు. మధ్యాహ్నానికి పళ్లు బిగపట్టాల్సి వచ్చింది. నర్సు మాత్ర, నీళ్లు తెచ్చి చేతిలో పెట్టింది. ఇంకా చేతిలోనే పెట్టుకుని ఉన్నాను. ఇంకాసేపు మంటని ఉండనివ్వమన్నాను.

పిట్ట